అమ్మ వంటల పుస్తకం రెండు లిపుల్లో: ఇంతవరకు అయిన పని

మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే. అమ్మ, నేను పాతపట్నం వైపు చదువుకున్నాం కాబట్టి తెలుగు చదవగలం, రాయగలం. మా ఆవిడ పుట్టిల్లు గుణుపురం. బడి అంతా ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ ఆమెకు తెలుగు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. మేముండే పర్లాకిమిడిలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఈ ఊరు అందులో కలిసింది. ఇళ్లలో తెలుగు ఉండిపోయింది, బళ్లలో ఒడియా వచ్చింది.

అమ్మ పెళ్లయినప్పటి నుంచి రాసుకుంటున్న వంటల నోట్‌బుక్కు ఒకటి ఉంది. చోడి అంబలి, ఆవ పెట్టిన పనసపొట్టు, ఉలవచారు, ఊరగాయలు అన్నీ అందులోనే. "అత్తయ్యను ప్రతిసారీ అడగడం కాదు, ఆ పుస్తకం నేనే చదువుకునేలా ఏదైనా చెయ్యండి" అని మా ఆవిడ అడిగింది. ఆఫీసు పని అయ్యాక, ఆదివారాలు కూర్చుని చేస్తున్న పని ఇది. ఇలాంటి ఇల్లు ఇంకెవరిదైనా ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

సంక్రాంతి తర్వాత: పుస్తకం ఎక్కించడం

ఫొటో నుంచి అక్షరాలు గుర్తించే టెసెరాక్ట్‌లో తెలుగు ఉంది. కానీ అది అచ్చు అక్షరాలకు. నూనె మరకలు పడిన చేతిరాతకు దాన్ని నమ్ముకోలేం. అందుకని అమ్మ చదువుతుంటే ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి, తర్వాత నేను దిద్దుతూ వచ్చాను. అమ్మ చోళ్లు అంటే చోళ్లే ఉంచాను, రాగులు అని మార్చలేదు. పుస్తకం ఆవిడది, మాట కూడా ఆవిడదే ఉండాలి.

ఒక వంటకు ఒక టెక్స్ట్ ఫైలు. మొదటి లైనులో వంట పేరు, తర్వాత దినుసులు, ఒక ఖాళీ లైను, ఆపైన విధానం. దినుసు లైనులో నిలువు గీతకు ఎడమవైపు పేరు, కుడివైపు కొలత. డేటాబేస్ పెట్టలేదు. యూటీఎఫ్-8లో దాచిన మామూలు టెక్స్ట్ ఫైలు రేపు ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. ఇంటి పుస్తకానికి అంతకన్నా కావలసింది లేదు.

కొలతల దగ్గర కొంత పని పడింది. అమ్మ కొలతలన్నీ గిద్దెలు, సోలలు, తవ్వలు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. ఈ లెక్క చాలామందికి తెలుసు. కానీ గిద్దె అసలు పరిమాణం ఊరికీ ఊరికీ తేడాగా ఉంటుంది కాబట్టి ఎవరి గిద్దెను వాళ్లు కొలుచుకోవాలి. వంటింటి త్రాసు మీద ఖాళీ గిద్దె పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోస్తే ఎన్ని గ్రాములు వస్తే అన్ని మిల్లీలీటర్లు. తర్వాత అదే గిద్దెతో బియ్యం, చోడి పిండి, మినప్పప్పు వేరువేరుగా తూచి పట్టిక చేసుకున్నాను. పిండి బియ్యం కంటే బాగా తేలిక కాబట్టి "గిద్దె అంటే ఇన్ని గ్రాములు" అని అన్నిటికీ ఒకే అంకె పెడితే అంబలి చిక్కదనం తప్పుతుంది. పేజీలో గిద్దెలు పెద్ద అక్షరాల్లో, గ్రాములు పక్కన చిన్నగా వస్తాయి.

శివరాత్రి నాటికి: 256

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల గడులు 3072 నుంచి 3199 వరకు, ఒడియావి 2816 నుంచి 2943 వరకు. రెండింటికీ తేడా సరిగ్గా 256. తెలుగు 'క' నంబరు 3093, ఒడియా 'క' నంబరు 2837. 'ల' తీసుకున్నా, గుడి తీసుకున్నా, పొల్లు తీసుకున్నా అంతే తేడా. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస పెట్టిన ఇస్కీ ప్రమాణం ఒకటి ఉండేది, 1988 నాటి ఆ వరసనే యూనికోడ్ తీసుకుంది. అందుకే పక్కపక్క రాష్ట్రాల అక్షరాలు ఒకే చోట కూర్చున్నాయి. పైథాన్‌లో ప్రతి అక్షరం నంబరు తీసి, 3072 నుంచి 3199 లోపు ఉంటే 256 తీసేసి, మళ్లీ అక్షరం చేస్తే చాలావరకు ఒడియా లిపి వచ్చేస్తుంది. నాలుగు లైన్ల పని.

ఆపైన మా ఆవిడ చదివి వినిపించడం, అమ్మ వినడం. ఎక్కడ వంట పేరు చెవికి తేడాగా తగిలితే అక్కడ ఒక నియమం చేర్చాను.

మొదటిది సున్న. తెలుగులో 'అంబలి' అని సున్నతో రాస్తాం, 'అమ్బలి' అని పలుకుతాం. ఒడియాలో సున్నను 'ఙ్' లాగా పలుకుతారు, కాబట్టి యథాతథంగా మారిస్తే ఆమె నోట 'అఙ్బలి' వస్తుంది. ఒడియా రాతలో ఇలాంటి చోట వర్గానికి తగిన అనునాసికం రాస్తారు. అందుకని సున్న తర్వాత క-వర్గం ఉంటే ఙ, చ-వర్గం ఉంటే ఞ, ట-వర్గం ఉంటే ణ, త-వర్గం ఉంటే న, ప-వర్గం ఉంటే మ, దానికి పొల్లు. వర్గం కనుక్కోవడం సులువు: తర్వాతి హల్లు నంబరులోంచి 3093 తీసేసి 5తో భాగిస్తే వచ్చే పూర్ణాంకమే వర్గం. 'న'కు, 'ప'కు మధ్య ఒక ఖాళీ గడి ఉన్నా ప, ఫ, బ, భ నాలుగూ సరైన వర్గంలోనే పడతాయి. 'మ' ఒక్కటే బయటికి పోతుంది, సున్న తర్వాత 'మ' రావడం ఎలాగూ అరుదు. బియ్యం, అల్లం లాంటి మాటల చివరి సున్నకు 'మ'తో పొల్లు. స, శ, హ ముందు మాత్రం సున్నను అలాగే ఉంచాలి. 'మాంసం' మొదటి సున్న ఒడియా రాతలో కూడా సున్నే.

రెండోది, ఒడియాలో లేని అక్షరాలు. హ్రస్వ ఎ, ఒ వాళ్ల లిపిలో లేవు, 256 తీస్తే ఖాళీ గడిలో పడి తెర మీద డబ్బా గుర్తు వస్తుంది. ఎ, ఏ రెండిటినీ 2831కి, ఒ, ఓ రెండిటినీ 2835కి పంపాను. ఎత్వం గుర్తు 2887కి, ఒత్వం గుర్తు 2891కి. బండి ఱ వస్తే మామూలు ర. పెరుగు, కొబ్బరి దీర్ఘంగా కనిపిస్తాయి కానీ ఇంట్లో రోజూ అనే మాటలు కాబట్టి చదివేటప్పుడు నోరు దానంతటదే హ్రస్వం పలుకుతుంది.

మూడోది య, వ, డ. 'య'కు 256 తీస్తే వచ్చే ఒడియా అక్షరాన్ని 'జ' లాగా చదువుతారు. మనకు కావలసిన 'య' 2911లో ఉంది. 'వ'కు 2929 వాడాను. 'డ' విషయం ఇంకాస్త సూక్ష్మం. 'వడ'లో ఉన్నట్టు రెండు అచ్చుల మధ్య ఒంటరిగా వచ్చే 'డ'కు ఒడియాలో కింద చుక్క పెట్టిన అక్షరం రాస్తారు. 'గుడ్డు'లో, 'ఉండ'లో చుక్క ఉండదు. చుక్క 'డ'కు ఒకే నంబరుగా 2908 ఉన్నా, నేను 2849, 2876 అని రెండు నంబర్లుగా రాశాను. ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో (ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా రాసినా ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి ఇది) సాపు చేస్తే అది ఎలాగూ ఈ రెండుగానే విడిపోతుంది. రెండు రకాలూ కలిసి ఉంటే వెతుకులాటలో సగం వంటలు దొరకవు.

ఒడియాలో హల్లులో దాగిన 'అ'ను కాస్త 'ఒ' వైపు పలుకుతారు. దానికి దీర్ఘం పెట్టి సరిచేద్దామా అని అడిగితే మా ఆవిడ వద్దంది. "చూడగానే ఏ మాటో తెలుస్తుంది, రాత పాడు చెయ్యకండి" అంది. అలాగే వదిలేశాను. అదే మంచి నిర్ణయం.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేశారు. ఈ నియమాలు రాస్తున్నంతసేపూ ఆయనను తలుచుకుంటూనే ఉన్నాను.

వేసవి: వంటింటి గోడ మీద తెర

పేజీలు తయారుచేసేది, చూపించేది ఒక చిన్న కంప్యూటర్ బోర్డు, రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ. పైథాన్‌తో పాటే వచ్చే చిన్న సర్వరు చాలు, బయటి లైబ్రరీలేవీ అక్కర్లేదు. చూసేది పాత ట్యాబ్లెట్‌లో. అందులో ఒడియా ఫాంటు లేదు కాబట్టి నోటో సాన్స్ ఒరియా ఫైలును పేజీతో పాటే పంపుతున్నాను. రాష్ట్రం పేరు 2011లో ఒడిశాగా మారినా యూనికోడ్‌లో ఆ గడుల పేరు ఇంకా ఒరియానే, ఫాంటు వెతికేటప్పుడు గుర్తుంచుకోవాలి. రెండు లిపుల్లోనూ కింద వత్తులు ఉంటాయి, లైన్ల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు 1.8 రెట్లు పెడితేనే ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి.

ఇంటర్నెట్ లేకుండా నడవాలన్నది మొదటి నుంచీ పట్టుదల. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ జిల్లా చూసింది మరిచిపోలేం. కరెంటూ పోయింది, సిగ్నలూ పోయింది. రౌటర్‌కు 12 వోల్టులు, రాస్ప్‌బెర్రీ పైకి 5 వోల్టులు ఇచ్చే మినీ యూపీఎస్ ఒకటి పెట్టాను. కరెంటు పోయి వస్తుంటే మెమరీ కార్డు పాడవుతుందన్న టెన్షన్ లేకుండా రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశాను, అప్పుడు కార్డు మీద ఏమీ రాయదు. వంటల ఫైళ్లు మాత్రం వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి.

వానలు పడ్డాక: అంబలి పులుపు

అమ్మ పుస్తకంలో చోడి అంబలి దగ్గర "రాత్రి కలిపి ఉంచాలి" అని మాత్రమే ఉంది. ఏ కాలంలో ఎంతసేపో ఆవిడకు వాసనతో తెలుస్తుంది. మా ఆవిడకు ఆ అలవాటు కుదిరేదాకా చేతికర్రగా ఉంటుందని డీఎస్ 18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టాను. మూడు తీగలు: 3.3 వోల్టులు, గ్రౌండు, డేటా. డేటా తీగ బోర్డు మీది జీపీఐఓ 4 పిన్నుకు, డేటాకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్. కరెంటు వచ్చిన వెంటనే ఈ సెన్సర్ 85 డిగ్రీలు అని చెబుతుంది, అది అసలు కొలత కాదు, ఆ అంకెను పారేయాలి. సెన్సర్‌ను పిండిలో ముంచను. కుండ పక్కన గ్లాసు నీళ్లలో ఉంచుతాను. గ్లాసులో నీళ్లు కూడా నెమ్మదిగానే వేడెక్కి చల్లారతాయి కాబట్టి ఆ అంకె చాలు.

మా కొలత ఇది: చోడి పిండి 1 వంతు, నీళ్లు 3 వంతులు, ఉండలు లేకుండా కలిపి మట్టికుండలో, గుడ్డ కట్టి. పొద్దున బియ్యపు నూక అర వంతు, 6 వంతుల నీళ్లలో మెత్తగా ఉడికాక, పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ కలపాలి. సన్న సెగ మీద చిక్కబడి మెరుపు వచ్చేదాకా ఉడికించి, ఉప్పు వేసి దింపాలి. పూర్తిగా చల్లారాకే మజ్జిగ. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.

26 డిగ్రీల దగ్గర రాత్రంతా పట్టింది. 30 దాటిన రాత్రుల్లో తెల్లవారకముందే పులుపు ఎక్కువైంది, అలాంటప్పుడు పడుకోబోయే ముందు కలిపితే సరిపోయింది. ఇప్పుడు పేజీ పైన అప్పటి ఉష్ణోగ్రత, దాని పక్కనే ఎప్పుడు కలపాలో రెండు లిపుల్లోనూ కనిపిస్తాయి. చలికాలానికి థర్మోకోల్ పెట్టెలో వేడినీళ్ల సీసాతో చూడాలి.

ప్రస్తుతం నడుస్తున్నది

మా అత్తగారి వంటలు కూడా చేర్చుతున్నాం. ఆవిడ చెప్పేది తెలుగులో, రాసేది ఒడియా అక్షరాల్లో. ప్రథమాష్టమికి పసుపు ఆకులో ఆవిరి మీద ఉడికించే ఎండూరి పిఠా మొదటిది. అమ్మ చదవాలంటే ఇక్కడ 256 కలపాలి. పొల్లున్న అనునాసికాన్ని మళ్లీ సున్నగా మార్చడం కుదిరింది. ఎ, ఏ, ఒ, ఓ దగ్గర మాత్రం ఏది హ్రస్వమో ఒడియా రాత చెప్పదు, లెక్కతో తేలేది కాదు. అందుకని వంటింటి మాటల జాబితా ఒకటి కడుతున్నాను. పేజీలో తేడాగా ఉన్న మాటను అమ్మ వేలితో నొక్కితే చాలు, హ్రస్వం దీర్ఘంగా, దీర్ఘం హ్రస్వంగా మారి, ఆ మాట జాబితాలో చేరుతుంది. పిఠాల వరకు అయ్యాయి, ఊరగాయలు మొదలుపెట్టాం.