కూనూర్‌లో ఎలుకల కోసం దిగాం

మెట్టుపాళయం నుంచి నీలగిరి కొండ రైలు పొద్దున్నే బయలుదేరుతుంది. ఇంజన్ ముందుండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. కల్లార్ దాటాక పట్టాల మధ్య రంపంలా పళ్లున్న ఇనప పట్టీని పట్టుకుని మెల్లగా ఎక్కుతుంది. హిల్‌గ్రోవ్‌లో ఆగినప్పుడు మా బావమరిది చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ కోతి లాక్కుపోయింది. అసలే చిరాకుగా ఉన్నాడు.

"అందరూ ఊటీ పోతుంటే మనం కూనూర్‌లో దిగడమేంటి బావా?"

"ఎలుకల కోసం."

సర్వీసంతా పశువుల ఆసుపత్రుల్లో గడిపినవాడిని కాబట్టి పిచ్చి అనుకుని ఊరుకున్నాడు.

కూనూర్‌లో సిమ్స్ పార్క్ పక్కనే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. లోపలికి వెళ్లే పని పెట్టుకోలేదు, రోడ్డు మీద నుంచే చూశాం. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు ఇక్కడే ఒక్క గదిలో బెరిబెరి (బి1 విటమిన్ చాలక వచ్చే జబ్బు) మీద పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి మారింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టిల్లు ఇదే. ఆయన ఎలుకలకి దేశంలోని రకరకాల ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న ఉన్న సిక్కుల తిండి తిన్నవి అన్నిటికన్నా బాగా పెరిగాయి. అన్నమే ప్రధానమైన మద్రాసీ తిండి తిన్నవి బాగా వెనకబడ్డాయి. మన ఆంధ్ర జిల్లాలూ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే, కాబట్టి ఆ మార్కుల్లో మనకీ వాటా ఉంది.

ఆయన ఎక్కువగా చూసింది ఒళ్లూ ఆరోగ్యమూ. చిన్నప్పటి ఆకలి మెదడుని ఏం చేస్తుందన్నది 1960లలో గానీ గట్టిగా తేలలేదు.

పార్క్ గేటు దగ్గర ఒక కుక్క పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్లు తెరవని పిల్లలు. అన్నిటికన్నా చిన్నది ఒక చన్ను అందుకుంటే పక్కది తలతో తోసేస్తోంది. అది జారి వెనక కాళ్ల మధ్య పడి, మళ్లీ పాకుతోంది.

"ఇదే ప్రయోగం" అన్నాను. ఒక తల్లి ఎలుకకి మూడు పిల్లల్ని, ఇంకో తల్లికి పదిహేను, ఇరవై పిల్లల్ని అప్పగిస్తారు. గుంపులో పెరిగినవాటికి పాలు చాలవు. పాలు మాన్పించే 21వ రోజు దాకా అర్ధాకలితో ఉన్న ఎలుకలకి ఆ తర్వాత ఎంత తిండి పెట్టినా మెదడులో కణాల లోటు తీరలేదని 1966లో వినిక్, నోబుల్ అనే పరిశోధకులు చూపించారు. అదే కరువు పెద్దయ్యాక వస్తే, తిండి దొరకగానే కోలుకున్నాయి. ఎక్కువ దెబ్బ తినేది చిన్నమెదడు. ఎలుకలో అది చాలావరకు పుట్టాకే కట్టుకుంటుంది.

అసలు విషయం ఆ టైమే. మెదడు జోరుగా పెరిగే కాలం ఒక్కో జంతువుకి ఒక్కోలా ఉంటుందని జాన్ డాబింగ్ అనే శాస్త్రవేత్త లెక్కలు కట్టాడు. ఎలుకకి పుట్టిన మొదటి మూడు వారాలు. గినీపిగ్‌కి, గొర్రెకి చాలావరకు తల్లి కడుపులోనే అయిపోతుంది. పందికి పుట్టుకకి అటూ ఇటూ. మనిషికి కడుపులో సగం నెలలు నిండినప్పటి నుంచి కనీసం రెండేళ్ల వయసు దాకా. మన దగ్గర ఎండాకాలం మేత లేక చూడి గొర్రెల డొక్కలు లోపలికి పోతాయి, ఎవరూ పట్టించుకోరు. పిల్ల పడ్డాక మాత్రం పాల గురించి ఒకటే టెన్షన్. నన్నడిగితే మొదటి దాణా చూడి గొర్రెకే పెట్టాలి.

"అయితే ఆ ఎలుకలు మొద్దులవుతాయా?" అన్నాడు బావమరిది, చిన్న కుక్కపిల్లని చన్ను దగ్గరికి జరుపుతూ.

అంత తేలిగ్గా చెప్పలేం. పాత తెలివి పరీక్షల్లో ఎలుక చిక్కుదారిలోంచి దారి కనుక్కుంటే తిండి బహుమతి. చిన్నప్పుడు ఆకలి చూసిన ఎలుక పెద్దయ్యాక కూడా తిండి కనిపిస్తే ఎగబడుతుంది, బెదురూ ఎక్కువే. మరి పరీక్ష తప్పింది తెలివి లేకా, కంగారు వల్లా? పైగా అర్ధాకలి పిల్లల్ని రోజూ చేత్తో తాకుతూ, తోడునీ ఆడుకునే వస్తువుల్నీ ఇచ్చి పెంచితే ప్రవర్తనలో తేడాలు చాలావరకు పోయాయని 1972లో లెవిట్‌స్కీ, బార్న్స్ అనే పరిశోధకులు చూపించారు. కణాలు తగ్గడం ఒకటి, బతుకులో వెనకబడడం ఒకటి. మొదటిదానికి తిండి వేళకి అందాలి. రెండోదానికి తోడు కూడా కావాలి.

"ఇక ఊటీ పోదామా?" అన్నాడు. రైలు టికెట్ల క్యూ అప్పటికే స్టేషన్ బయటిదాకా ఉంది. బస్సెక్కాం.