లియోన్‌లో సాయంత్రం నాలుగున్నర వేళ పలకరింపు

లియోన్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా అక్క కూతురు ఫోన్లోనే గట్టిగా చెప్పింది: "పిన్నీ, షాపులో అడుగు పెట్టగానే బోన్‌జూర్ అను. ధర సంగతి ఆ తర్వాత." పలకరించకుండా నేరుగా విషయంలోకి దిగితే ఫ్రాన్స్‌లో మర్యాద తెలియని మనిషి కింద జమకడతారట. పారిస్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటలు ప్రయాణం చేసి దిగానో లేదో, ఆ సంగతి సిటీబస్సులోనే అర్థమైంది. ఎక్కినవాళ్లు ఎక్కినట్టు డ్రైవర్‌కు బోన్‌జూర్ చెప్పి మరీ లోపలికి వెళ్తున్నారు.

మా పిల్ల ఉండేది క్రువా రూస్ గుట్ట మీద. ఒకప్పుడు పట్టు నేతగాళ్ల పేట. నిలువెత్తు మగ్గాలు పట్టాలని కట్టిన ఇళ్లు కాబట్టి కప్పులు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటాయి. కూడలిలో జకార్డ్ విగ్రహం ఉంది. ధర్మవరం మగ్గాల మీద బుటాలు తీసే జకార్డు పరికరానికి పేరు ఈయనదే. ఆ విగ్రహం కిందే ఫొటోలు దిగుతున్న కుర్రాళ్లకు ఆ సంగతి పట్టినట్టు లేదు.

వీధి చివర బేకరీ. అక్కడ బ్రియోష్ అనే మెత్తటి రొట్టెలో గులాబీ రంగు పంచదార పాకం పట్టిన బాదం పలుకులు కూరుస్తారు. వేడికి ఆ రంగు కరిగి రొట్టెంతా చారలు కడుతుంది. పొద్దున లోపలికెళ్తే బోన్‌జూర్, పొట్లం అందుకుని బయటికొస్తుంటే బొన్ జూర్నే. ఒకటి వచ్చినందుకు, రెండోది వెళ్తున్నందుకు. సాయంత్రమైతే బోన్‌స్వార్, బొన్ స్వారే. ఇంతవరకూ బాగానే ఉంది.

ఒక రోజు ఫూర్వియేర్ కొండ మీది తెల్లటి చర్చి చూసి, నాలుగున్నరకు మళ్లీ అదే షాపుకు వెళ్లాను. చిల్లర చేతిలో పెడుతూ ఆవిడ ఏదో కొత్త మాట గబగబా అనేసింది. నా చెవికి చిక్కింది "ఫ్యాన్" ఒక్కటే. నేను పట్టుకెళ్లిన చిన్న పుస్తకంలో ఫ్యాన్ అంటే ఆకలి. రొట్టెల షాపు కదా, ఆకలి మాటే అయి ఉంటుందనిపించింది. కానీ పక్కనున్న ముసలాయనకూ అదే చెప్పింది, ఆయన కొన్నది ఒక్క బగెట్, అదే కర్రలా పొడుగ్గా ఉండే రొట్టె.

ఇంటికెళ్లి విన్నది విన్నట్టు పలికి చూపిస్తే మా పిల్ల పకపకా నవ్వింది. అది "బొన్ ఫ్యాన్ ద జూర్నే". ఆకలికీ, చివర అనే మాటకూ రాతలో తేడా ఉందట, పలకడం మాత్రం ఒకటే. "మిగతా పొద్దు బాగా గడవాలి" అని దాని అర్థం. మధ్యాహ్నం గడిచిపోయింది, చీకటింకా పడలేదు, అలాంటి వేళకు ఇది. ఏ గంటకు మారాలనే లెక్క ఏమీ లేదు, ఎవరి అంచనా వాళ్లదే. వీడ్కోలుకు కూడా టైం చూసుకునే ఈ పట్టింపు నాకు భలే నచ్చింది.

అప్పట్నుంచి క్యూలో నిలబడితే చెవులు రిక్కించడమే నా పని. శుక్రవారం "బోన్ వీకెండ్", భోజనం ముందు "బొనాపెతీ".

చివరి రోజు సంచీలతో గ్రాంద్ కోత్ ఎక్కుతున్నాను. నిట్టనిలువు వీధి, సగంలోనే ఆయాసం. పైనుంచి దిగుతున్న ఓ పెద్దాయన నన్ను చూసి, "బోన్ కురాజ్, మదామ్!" అన్నాడు. దీనికి మా పిల్లను అడగాల్సిన పని పడలేదు.