సింగపూర్ ప్రయాణానికి నోట్లు ఎన్ని, కార్డులు ఎన్ని

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారికి విదేశం కొత్త కాదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ దేశాలకూ సింగపూర్‌కూ వెళ్ళి ఇల్లు నిలబెట్టిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయితే సంపాదించడానికి వెళ్ళడం వేరు, సెలవులకు ఖర్చు పెట్టడానికి వెళ్ళడం వేరు. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉండడం వల్ల ఈ రెండో రకం ప్రయాణం ఇప్పుడు ఉపాధ్యాయుల ఇళ్ళలోనూ, చిన్న వ్యాపారుల ఇళ్ళలోనూ మాటల్లోకి వస్తోంది. టికెట్లు, హోటల్ గురించి నెలల తరబడి ఆలోచించేవారు కూడా డబ్బును ఏ రూపంలో తీసుకెళ్ళాలన్నది చివరి వారానికి వదిలేయడం చూస్తుంటాను. ఖర్చులో తేడా తెచ్చే విషయాల్లో అది చిన్నది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా కుటుంబం వేసవి సెలవుల్లో సింగపూర్ వెళ్ళాలని నిశ్చయించుకున్నప్పుడు ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మా నాన్నగారు మొత్తం నోట్లుగానే తీసుకెళ్ళాలన్నారు. “కార్డు పని సెయ్యకపోతే ఆ ఊర్లో ఎవుల్ని అడుగుతావమ్మా?” అన్నది ఆయన ప్రశ్న. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు మాత్రం నోట్లు పట్టుకుని తిరిగే కాలం పోయిందని, రెండు క్రెడిట్ కార్డులు ఉంటే చాలునని వాదించాడు. ఇద్దరి మాటలోనూ బలముంది. కానీ నోట్లా, కార్డా అన్నదాని కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుందని నాకు అనిపించింది. మన రూపాయి ఏ చోట, ఎవరు నిర్ణయించిన రేటుతో డాలరుగా మారుతోంది? ఈ మార్పిడి జరిగే ప్రతి చోటా ఎవరో ఒకరు కొంత తీసుకుంటారు. ఎవరు ఎంత తీసుకుంటున్నారో తెలిస్తే మిగతా నిర్ణయం దానంతట అదే తేలుతుంది.

ముందుగా కార్డు సంగతి. మన దేశంలోని చాలా క్రెడిట్, డెబిట్ కార్డుల మీద విదేశీ కరెన్సీలో ఖర్చు చేస్తే బ్యాంకు మార్కప్ పేరుతో సుమారు 3.5 శాతం తీసుకుంటుంది. ఆ మార్కప్ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అంటే లక్ష రూపాయల విలువైన ఖర్చుకు 3,500 మార్కప్, 630 పన్ను, మొత్తం 4,130 రూపాయలు అదనంగా పోతాయి. ఇది బిల్లులో విడిగా కొట్టొచ్చినట్టు కనబడదు. స్టేట్‌మెంట్‌లో చిన్న చిన్న వరుసలుగా వస్తుంది కాబట్టి చాలామంది గమనించరు. 2 శాతం మాత్రమే తీసుకునే కార్డులు ఉన్నాయి, అసలు మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి. వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు వాడే రేటు మార్కెట్ రేటుకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి, మార్కప్ లేని కార్డు దొరికితే విదేశంలో అంతకంటే చవకైన మార్గం దాదాపుగా ఉండదు. అలాంటి కార్డు చేతికి రావడానికి కొంత సమయం పడుతుంది కనుక టికెట్లు కొన్న రోజే ఆ ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది.

నోట్ల విషయంలో ఖర్చు మరో రూపంలో దాగి ఉంటుంది. విశాఖలోని మనీ ఛేంజర్ దగ్గరకు వెళ్తే విడిగా రుసుము చెప్పరు, అమ్మకం రేటు మాత్రమే చెబుతారు. మార్కెట్‌లో సింగపూర్ డాలర్ 65 రూపాయలు ఉందనుకుందాం. కౌంటర్‌లో 67 అంటే దాదాపు 3 శాతం అక్కడే పోయినట్టు. 65 రూపాయల 60 పైసలకు ఇస్తే ఒక శాతం కంటే తక్కువే పోతుంది. కాబట్టి ఆ ఉదయం మార్కెట్ రేటు ఫోన్‌లో చూసుకుని, ఇద్దరు ముగ్గురు ఛేంజర్లను అడిగి, అప్పుడు కొనాలి. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ స్వల్పమే. లక్ష రూపాయల వరకు మార్చే మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం వేస్తారు. లక్షకు 180 రూపాయలు అవుతుంది. విమానాశ్రయంలోని కౌంటర్ల రేటు సాధారణంగా ఊళ్ళోని రేటు కంటే ప్రియంగానే ఉంటుంది కనుక ఆఖరి నిమిషానికి వాయిదా వేయకూడదు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో బ్యాంకు శాఖకు వెళ్ళి అప్పటికప్పుడు సింగపూర్ డాలర్లు అడిగితే దొరకడం కష్టం. విశాఖ వెళ్ళే పని ఉన్న రోజునే ఇది కూడా కలిపి చూసుకోవాలి.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి సెలవు మీద వచ్చిన బంధువుల దగ్గర నోట్లు ఉంటాయి. వారికి రూపాయలిచ్చి ఆ నోట్లు తీసుకుంటే రెండు వైపులా లాభమే కదా అని ఎన్నో ఇళ్ళలో అనుకుంటారు. 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా, ప్రకారం విదేశీ కరెన్సీని రిజర్వ్ బ్యాంకు అనుమతి పొందినవారి దగ్గరే కొనాలి, వారికే అమ్మాలి. బావగారైనా, పినమామగారైనా ఆ అనుమతి ఉన్నవారు కారు. అధీకృత ఛేంజర్ పాస్‌పోర్టు చూసి రసీదు ఇస్తాడు. ఆ రసీదు దగ్గర ఉంటే ఎక్కడ ఎవరు అడిగినా చూపించవచ్చు. రూపాయలను నగదుగా ఇచ్చి కొనగలిగేది 50,000 లోపు మాత్రమే. అంతకు మించితే చెక్కు ద్వారా గాని, ఖాతా బదిలీ ద్వారా గాని చెల్లించాలి. ఒక్కొక్కరు ఒక ప్రయాణానికి నోట్లుగా తీసుకెళ్ళగలిగేది చాలా దేశాలకు 3,000 అమెరికన్ డాలర్ల విలువ వరకే. కనుక నాన్నగారు కోరినట్టు అంతా నోట్లే అన్నది పెద్ద ఖర్చుల కుటుంబానికి నిబంధన ప్రకారం కూడా కుదిరే పని కాదు.

అమెరికన్ డాలర్లు కొని, అక్కడ దిగాక సింగపూర్ డాలర్లుగా మార్చుకుందామని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే రెండుసార్లు మార్చినట్టవుతుంది, రెండుసార్లూ తేడా మనమే భరించాలి. సింగపూర్ డాలర్లు విశాఖలో దొరికినప్పుడు ఆ దారి అనవసరం. వియత్నాం వంటి దేశాలకు వెళ్ళేవారి విషయం వేరు. అక్కడి డాంగ్ నోట్లు మన దగ్గర దొరకడం అరుదు కాబట్టి మడతలు, మరకలు లేని వంద డాలర్ల నోట్లు పట్టుకెళ్ళడమే మేలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయానికి వస్తాను. విదేశంలోని దుకాణంలో కార్డు ఇచ్చినప్పుడు స్వైప్ మెషీన్ మీద కొన్నిసార్లు రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఒకటి ఆ దేశపు డాలర్లలో, రెండోది మన రూపాయల్లో. రూపాయల్లో చూసుకుంటే ఎంతవుతోందో వెంటనే అర్థమవుతుంది కాబట్టి మన చెయ్యి సహజంగా దాని వైపే వెళ్తుంది. దుకాణదారు కూడా “మీ కరెన్సీలోనే కదండీ” అన్నట్టు దాన్నే నొక్కవచ్చు. రూపాయలు ఎంచుకున్నామంటే మార్పిడి రేటును నిర్ణయించే అధికారాన్ని మన బ్యాంకు నుంచి తీసి ఆ మెషీన్ వెనకనున్న సంస్థకు ఇచ్చినట్టే. ఆ రేటులో వారి లాభం కలిసి ఉంటుంది. చాలాసార్లు అది మన బ్యాంకు మార్కప్ కంటే ఎక్కువ. పైగా విదేశీ వ్యాపారి వద్ద రూపాయల్లో చెల్లించినా దాని మీద విడిగా రుసుము వేసే బ్యాంకులు మన దేశంలో ఉన్నాయి. అప్పుడు దెబ్బ మీద దెబ్బ. మార్కప్ లేని కార్డు ఎంత శ్రమపడి సంపాదించినా, ఈ ఒక్క బటన్ దగ్గర దాని ప్రయోజనం మొత్తం పోతుంది. అందుకే మా ఇంట్లో కార్డు పట్టుకునే ప్రతి ఒక్కరికీ ప్రయాణానికి ముందే ఒక మాట చెప్పాను: ఏ దేశంలో నిలబడి ఉన్నామో ఆ దేశపు కరెన్సీనే నొక్కాలి, రసీదు మీద రూపాయలు కనిపిస్తే సంతకం పెట్టకుండా రద్దు చేయించి మళ్ళీ తీయమనాలి. ఏటీఎంలలోనూ, ఇంటి నుంచే విదేశీ వెబ్‌సైట్లలో టికెట్లు కొనేటప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది, సమాధానం కూడా ఇదే.

ఏటీఎం నుంచి నోట్లు తీసుకోవడం అత్యవసరానికే ఉంచుకోవాలని నా అభిప్రాయం. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే రుసుముతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. డెబిట్ కార్డుతో తీస్తే మన బ్యాంకు రుసుము, మార్కప్ రెండూ ఉంటాయి. కొన్ని దేశాల్లో అక్కడి ఏటీఎం కూడా తన వంతు తీసుకుంటుంది. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డులకు ఏటీఎంలు 220 బాత్‌ల వరకు, కొన్నిచోట్ల అంతకు మించి కూడా వసూలు చేస్తాయి. 2,000 బాత్‌లు తీసేవారికి 220 అంటే 11 శాతం. 20,000 తీసేవారికి 1.1 శాతమే. తీయక తప్పకపోతే ఒకేసారి తగినంత తీయాలి.

ఫారెక్స్ కార్డును, అంటే విదేశీ డబ్బును ముందే నింపుకుని వాడే కార్డును, మా అత్తయ్యగారి కోసం ఎంచుకున్నాము. ముందుగానే సింగపూర్ డాలర్లు నింపి ఇస్తే రేటు ఆ రోజుకే స్థిరపడుతుంది, అందులో ఉన్న దానికి మించి పోయే ప్రమాదం లేదు, తక్కువైతే ఇంటి దగ్గరున్నవారు నింపవచ్చు. డాలర్లు నింపిన కార్డును మలేషియాలో రింగిట్లకు వాడితే మాత్రం మళ్ళీ మార్పిడి రుసుము పడుతుంది. ఏ దేశాలు తిరుగుతామో ఆ కరెన్సీలను విడివిడిగా నింపించుకోవాలి. సింగపూర్‌లో మెట్రో రైలు గేటు దగ్గరా, బస్సులోనూ వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులను తాకిస్తే చాలు, టికెట్ కొనవలసిన పని లేదు. అయితే ఒక కార్డుతో ఒక్కరే వెళ్ళగలరు. భార్యాభర్తలు ఒకే కార్డును గేటుకు రెండుసార్లు తాకించి లోపలికి పోలేరు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అన్ని కార్డులు లేకపోతే అక్కడి ప్రయాణ కార్డులు కొనుక్కోవాలి.

హోటల్‌లో దిగగానే పూచీగా కొంత మొత్తాన్ని కార్డు మీద నిలిపి ఉంచుతారు. గది ఖాళీ చేశాక అది విడుదల కావడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. క్రెడిట్ కార్డు మీద అయితే పరిమితి తగ్గుతుందంతే. ఫారెక్స్ కార్డు మీద అయితే తిండికి ఉంచుకున్న డబ్బే ఆగిపోతుంది. కాబట్టి హోటల్ దగ్గర క్రెడిట్ కార్డే ఇవ్వాలి.

నోట్ల అవసరం అంతటితో తీరిపోలేదు. సింగపూర్‌లో మనవారి దుకాణాలు ఎక్కువగా ఉండే లిటిల్ ఇండియా ప్రాంతంలోని టెక్కా సెంటర్ వంటి చోట్ల ఇడ్లీ, బిర్యానీ, చేపల కూర అమ్మే చిన్న దుకాణాల్లో నగదు గాని, అక్కడి బ్యాంకుల క్యూఆర్ గాని నడుస్తుంది. మన కార్డు తీసుకుంటారన్న నమ్మకం లేదు. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెల హుండీకీ నోటే కావాలి. నాన్నగారి వాదంలోని న్యాయం ఇక్కడ నిలబడింది. కార్డు నడవని రోజు వస్తే రెండు రోజుల భోజనానికి, హోటల్‌కు తిరిగి రావడానికి సరిపడా నోట్లు ప్రతి పెద్దవారి దగ్గరా విడివిడిగా ఉండాలని ఆయన పట్టుబట్టారు. పైడితల్లి సిరిమానోత్సవం రోజున జనంలోకి వెళ్ళేటప్పుడు డబ్బును ఒకే జేబులో పెట్టకూడదని చిన్నప్పటి నుంచి మాకు నేర్పింది ఆయనే. మొత్తం ఖర్చులో అయిదో వంతు నోట్లు, మిగతాది కార్డులు అని చివరకు అందరం ఒప్పుకున్నాము. యూపీఐ మీద మాత్రం ఆధారపడలేదు. శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరి నుంచి అది అందుబాటులోకి వచ్చింది, సింగపూర్‌లోనూ కొన్ని దుకాణాల్లో ఉంది. కానీ ఉంటే వాడుకోదగినదే తప్ప నమ్ముకుని బయలుదేరదగినది ఇంకా కాలేదు.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి మరి కొన్ని ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 నుంచి కొత్త కార్డులు మొదట దేశంలోపల మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్నీ, తాకించి చెల్లించే సౌకర్యాన్నీ బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి, రోజు పరిమితిని కూడా మనమే పెట్టుకోవాలి. ఓటీపీ రావాలంటే మన సిమ్‌కు రోమింగ్ ఉండాలి. విదేశంలో చాలాచోట్ల పిన్ అడగకుండానే కార్డు తీసుకుంటారు. అంటే పోయిన కార్డు దొరికినవారికీ అంతే సులువు. అందుకే పరిమితి తక్కువగా పెట్టి, అవసరమైనప్పుడు పెంచుకోవడం క్షేమం. బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా మోసం జరిగితే, బ్యాంకు నుంచి సందేశం వచ్చిన మూడు పనిదినాల లోపు తెలియజేసినవారికి నష్టం ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. కనుక ప్రతి రాత్రి హోటల్ గదిలో ఫోన్‌కు వచ్చిన సందేశాలను ఆ రోజు రసీదులతో సరిచూసుకోవడం మా తమ్ముడికి అప్పగించాము.

తిరిగి వచ్చాక మిగిలిన నోట్లను 180 రోజుల లోపు అధీకృత ఛేంజర్‌కు ఇచ్చివేయాలి. 2,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు మళ్ళీ ప్రయాణానికి దగ్గర ఉంచుకోవచ్చు. నాణేలను ఛేంజర్లు తీసుకోరు కాబట్టి విమానాశ్రయంలోనే టీకో బిస్కెట్లకో వాడేయాలి. ఛేంజర్ మన దగ్గర కొనే రేటు, ఆ రోజు మనకు అమ్మే రేటు కంటే ఎప్పుడూ తక్కువే కనుక మేము మా నోట్లను అమ్మకుండా ఉంచాము. చిన్నాన్నగారి కుటుంబం దసరా తర్వాత వెళ్తామంటున్నారు, అయితే వాటిని రూపాయలకు వారికి అమ్మడం కుదరదు. మావారు మళ్ళీ సింగపూర్ వెళ్ళే పని పడితే అవి ఆయన జేబులోకే వెళ్తాయి. చిన్నాన్నగారు విశాఖ వెళ్ళి కొనుక్కోవలసిందే.