తుప్పు పట్టిన వాటితో ఒక మందిరం

పాత లోహపు వస్తువులతో నేను చేసిన మొదటి చిన్న మందిరంలోని తోరణం, దాని ముందు వెలిగించిన మొదటి దీపానికే ఊడి కింద పడింది. పాత గరిటెల కాడలను విల్లులా వంచి, చివరలను టంకంతో అతికి, నడుమ పాడైపోయిన గడియారం పళ్ళచక్రాలను పేర్చి కట్టిన తోరణం అది; మూడు వారాల సాయంకాలాలు దానికే ఖర్చయ్యాయి. దీపం పెట్టిన పావుగంటకు టక్కుమని చిన్న చప్పుడైంది. చూసేసరికి నడిమి చక్రం దీపం పక్కన పడి ఉంది, దాని అంచున టంకం ఇంకా వెండి చుక్కలా మెరుస్తూ ఉంది. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుందన్నది నాకు తెలియని విషయం కాదు. దీపశిఖకు నేరుగా పైన, నాలుగంగుళాల ఎత్తులో ఉన్న పలుచటి లోహం ఆ వేడిని అందుకోగలదన్న ఆలోచనే రాలేదు.

ఆ తరువాత కట్టిన మందిరాలన్నింటిలో బరువు మోసే చోటా, వేడి తగిలే చోటా రివెట్లే, అంటే రెండు ముక్కల గుండా దూర్చి రెండు చివరలనూ తలలుగా పరిచే లోహపు మేకులే, వాడుతున్నాను. ఇందుకు ప్రత్యేకమైన సామగ్రి అక్కరలేదు. 2 మిల్లీమీటర్ల రాగి తీగ ముక్కను సరిగ్గా అదే కొలత బెజ్జంలో దూర్చి, రెండు వైపులా 1 మిల్లీమీటరు చొప్పున బయటికి ఉంచి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో అంచుల వెంబడి మెల్లగా తట్టాలి. నడిమధ్యన గట్టిగా కొడితే తీగ బెజ్జంలోనే వంగిపోతుంది. అంచుల చుట్టూ తడుతూ పోతే పుట్టగొడుగు విప్పారినట్లు తల పరుచుకుంటుంది. కొట్టిన కొద్దీ రాగి గట్టిపడి అంచులు చిట్లుతున్నట్లు కనిపిస్తే, ఆ తీగను తీసేసి, కొత్త ముక్కను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చి వాడుకోవాలి, అప్పుడది మెత్తబడుతుంది. రివెట్‌లో నాకు నచ్చే గుణం మరొకటి ఉంది. టంకం రెండు వస్తువుల నడుమ గీతను పూడ్చివేస్తుంది, రివెట్ పూడ్చదు. గరిటె గరిటెగానే, చక్రం చక్రంగానే ఉంటూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి. మనసు మారితే తలను ఆకురాయితో అరగదీసి మళ్ళీ విడదీయవచ్చు కూడా.

పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్నది ఏ లోహమో తేల్చుకోవడానికి ఒక అయస్కాంతం, ఒక ఆకురాయి చాలు. ఇత్తడి అనుకుని దాచుకున్న వస్తువుల్లో సగం, పైన పలుచటి పూత పూసిన ఇనుమేనని అయస్కాంతం మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. డబ్బా రేకులు కూడా దానికి అంటుకుంటాయి, ఎందుకంటే వాటిలో తగరం పూత మాత్రమే, లోపలంతా ఉక్కు. అంటుకోని వాటిని కనిపించని మూల ఆకురాయితో ఒక్కసారి గీస్తే, పసుపు రంగు తేలితే ఇత్తడి, ఎరుపు తేలితే రాగి, బరువుగా ఉండి బూడిద రంగు తేలితే బహుశా జింకును కరిగించి అచ్చులో పోసి చేసినది. ఈ చివరిదాన్ని వంచబోతే పుటుక్కున విరుగుతుంది కనుక ఉన్న ఆకారంలోనే వాడుకోవాలి. జింకు పూత పూసిన రేకును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కాల్చకూడదు. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. పాత రంగు ఉన్న వస్తువులను పొడిగా రుద్దడం కూడా మంచిది కాదు, ఆ రంగులో సీసం ఉండవచ్చు.

శుభ్రం చేయడంలోనే నేను ఎక్కువ నష్టపోయాను. అరచేతి వెడల్పున్న ఒక పాత తాళంకప్ప ఇత్తడి పలక దొరికింది. తాళంచెవి దూరే బెజ్జం చుట్టూ, ఎన్నేళ్ళపాటో చీకట్లో తడుముకున్న చెవుల మొనలు గీసిన సన్నటి గీతలు సూర్యకిరణాల్లా పరుచుకుని ఉన్నాయి. విగ్రహం వెనుక ప్రభగా నిలపడానికి అంతకంటే తగినది దొరకదనిపించింది. లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి అందులో దాన్ని వేసి, మరుసటి ఉదయం తీసి చూస్తే పలకంతా గులాబీ రంగుకు తిరిగింది. వెనుక వైపు నేను గమనించని ఒక ఇనుప స్క్రూ తుప్పులో ఇరుక్కుని ఉంది. ఆమ్లంలోకి కరిగిన కొద్దిపాటి రాగి, ఇనుము తోడై ఉన్నందువల్ల తిరిగి వచ్చి ఇత్తడి మీదనే పూతగా పేరుకుంది. ఆ పూతను రుద్ది వదిలించాను, దానితో పాటు కిరణాలూ పోయాయి. ఇప్పుడది నున్నటి పలక. ఏ దుకాణంలోనైనా అలాంటిది కొనుక్కోవచ్చు.

అప్పటినుంచి ఇనుమును, ఇత్తడిని ఒకే గిన్నెలో వేయను. అంతేకాక, అసలు ఎంతవరకు కడగాలన్న విషయంలోనూ నా అభిప్రాయం మారింది. రాలిపోయే తుప్పు పోవాలి, చేతికి అంటుకునే మురికి పోవాలి, అంతకుమించి పోవలసిందేమీ లేదు. బొటనవేలు ఒరుసుకుని పలుచబడిన తాళంచెవి తలను, ఒకవైపే అరిగిన గరిటె అంచును, రాగి మూలల్లో నిలిచిన పచ్చటి చిలుమును తుడిచేస్తే ఇక పాత వస్తువును వెతికి తెచ్చిన ప్రయాస ఎందుకు? నిగనిగలాడే కొత్త రేకుతో చేయడం ఇంతకంటే సులువు. ఇనుమును ఆమ్లంలోంచి తీయగానే వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి, గోరువెచ్చగా ఉండగానే మైనం పట్టించాలి. ఆలస్యమైతే నిమిషాల్లోనే నారింజ రంగు కొత్త తుప్పు వచ్చి కూర్చుంటుంది.

కూర్పు విషయానికి వస్తే, నాకు బాగా పనికొచ్చిన పాఠం జేమ్స్ హ్యాంప్టన్ చేసిన సింహాసనం నుంచి దొరికింది. వాషింగ్టన్‌లో రాత్రిపూట ప్రభుత్వ భవనాలను ఊడ్చి శుభ్రం చేసే ఈయన, అద్దెకు తీసుకున్న ఒక గ్యారేజీలో సుమారు 14 ఏళ్ళపాటు, పాత కుర్చీలు, బల్లలు, కాలిపోయిన బల్బులు, అట్టముక్కలను వెండి, బంగారు రంగుల రేకు కాగితంతో చుట్టి, దాదాపు 180 వస్తువులతో ఒక మహామందిరాన్ని నిర్మించాడు. అది 1964లో ఆయన మరణించిన తరువాతే లోకానికి తెలిసింది. ఇప్పుడు స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఫొటోల్లో చూసినా తెలిసిపోయేది ఏమిటంటే, ఎడమ వైపు ఏముందో కుడి వైపూ అదే ఉంటుంది. ఒక్క తాళంచెవి ఉంటే అది తాళంచెవే. రెండింటిని ఎదురెదురుగా, పళ్ళు లోపలికి తిప్పి నిలిపితే అవి ద్వారపాలకులవుతాయి. అందుకే నేను వస్తువులను ఇప్పుడు ఒంటరిగా కాక జంటలుగా వెతుకుతాను. అచ్చంగా ఒకేలా ఉన్నవి అరుదుగా దొరుకుతాయి కాబట్టి ఎత్తు, బరువు, రంగు ఈ మూడింటిలో రెండైనా కలిస్తే తృప్తి పడతాను. కంటికి ఆ మాత్రం చాలు.

ప్రస్తుతం బల్ల మీద ఉన్న మందిరం ఒక పాత బిస్కెట్ డబ్బాలో కడుతున్నాను. మూత తీసి నిలబెడితే అదే గూడు. వెనుక గోడకు ఆ నున్నటి పలకనే బిగించాను, దాన్ని పారేయలేకపోయాను. ఇత్తడి, ఉక్కు తగిలే చోట తేమ చేరితే ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది కనుక నడుమ పలుచటి తోలు ముక్కలు పెట్టాను. తోరణానికి పైన మూడంగుళాల ఖాళీ వదిలి, పై రేకులో వేడి బయటికి పోవడానికి వరుసగా బెజ్జాలు వేశాను. ఎడమ వైపు స్తంభంగా ఒక పొడవాటి ఇనుప గొళ్ళెం రివెట్ల మీద నిలబడింది. దానికి జోడు ఇంకా దొరకలేదు. కుడి వైపున అదే ఎత్తులో రెండు బెజ్జాలు వేసి, ఖాళీగా ఉంచాను.