సివిలైజేషన్ 5: ఓడలతో ఓట్లు

ఈ కంప్యూటర్ గేమ్‌లో దౌత్య విజయం (ప్రపంచ నాయకుడి ఓటింగ్‌లో నెగ్గడం) కావాలన్నా ముందు నావిగేషన్ టెక్ (ఓడల సాంకేతికత) వైపే పరుగెత్తండి. అప్పటికే నాలుగైదు గాలియస్‌లు (పాత తరం యుద్ధ ఓడలు) కట్టి ఉంచుకుంటే బంగారం పెట్టి ఫ్రిగేట్లుగా (వాటికంటే మెరుగైన యుద్ధ ఓడలుగా) మార్చేయొచ్చు. ఒక్కోదానికి 1 ఇనుము కావాలి. ఇవి రెండు గళ్ల దూరం నుంచి నగరాన్ని కొడతాయే గానీ, పట్టుకోలేవు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నగరం బలం అడుగంటా దించేస్తారు, లోపలికి దూరే ఓడ ఉండదు, అది మళ్లీ కోలుకుంటుంది. వెనకాల ఒక ప్రైవటీర్ (నగరంలోకి దూరి పట్టుకోగల ఓడ) తప్పనిసరి.

ఎవరో మింగేసిన సిటీ స్టేట్ (ఒకే నగరమున్న చిన్న రాజ్యం) చేతికొస్తే ఉంచుకోకండి, విడిపించండి. దాని దగ్గర మీ పలుకుబడి అమాంతం పెరుగుతుంది. మిగతా సిటీ స్టేట్‌లకి బంగారమే మందు: పలుకుబడి 60 పాయింట్లకు చేరి, అందరికంటే ముందుంటేనే మిత్రత్వం, దాంతోపాటే ఓట్లు. కానీ పలుకుబడి టర్న్ టర్న్‌కీ కరుగుతుంది, పైగా పక్కవాడు ఎక్కువిచ్చి లాగేసుకోగలడు. అందుకే ఖజానా ఓటింగ్‌కి ఒకటి రెండు టర్న్‌ల ముందే విప్పాలి.