31వ నంబరు

“మీ నాన్న చేసిన పని నువ్వు ఒక్కరోజైనా చేశావా?”

ట్రాము డిపోలో, మధ్యాహ్నం భోజనాల వేళ, నలుగురి ముందు ఈ ప్రశ్న ఎదురైంది. అడిగిన పెద్దాయన మెల్‌బోర్న్ వీధుల్లో ముప్పై ఏళ్ళకు పైగా ట్రాము నడుపుతున్నారు. గొంతు పెంచలేదు. టీ కప్పు బల్ల మీద పెట్టి, నా కళ్ళలోకి చూసి అడిగారు. కోప్పడి ఉంటే ఆ పూటతో మరిచిపోయేవాణ్ణి. నెమ్మదిగా అడిగారు కాబట్టే రెండు నెలలైనా ఆ మాట నన్ను వదల్లేదు.

అంతకుముందు నేనన్న మాట ఇది. ఫుట్‌బాల్ సీజన్ నడిచినన్నాళ్ళూ మా గది గోడ మీద ఒక కాగితం ఉంటుంది. ఆ వారం ఏ జట్టు గెలుస్తుందో అందరం అందులో రాస్తాం. దాని పక్కన ఎవరో పత్రికలోంచి కత్తిరించి అంటించిన ఫొటో ఉంది: కాలింగ్‌వుడ్ క్లబ్బు పాత హీరో పీటర్ డేకోస్, ఆయన కొడుకులు జోష్, నిక్. ఈ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో తండ్రీకొడుకుల నియమమని ఒకటి ఉంది. కొత్త ఆటగాళ్ళను క్లబ్బులు వరుస ప్రకారం ఎంచుకుంటాయి. పట్టికలో అడుగున ఉన్న జట్టుది తొలి వంతు. అయితే ఒక కుర్రవాడి తండ్రి ఏదైనా క్లబ్బుకు 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే, ఆ కుర్రవాణ్ణి దక్కించుకునే హక్కు ఆ క్లబ్బుకు ఉంటుంది. ఇంకొకరు అతని పేరు పిలిచినా, దానికి సరిపడా తన వంతులు వదులుకుని అతన్ని తెచ్చుకోవచ్చు.

“మా దగ్గర దీన్ని వారసత్వం అంటాం” అన్నాను. “సినిమాల్లో అదే, రాజకీయాల్లో అదే. తండ్రి పేరు లేని కుర్రవాడికి తలుపు మూసేసే పద్ధతి. మీరు దాన్ని నియమంగా రాసి పెట్టుకున్నారు.”

బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. అప్పుడే ఆ ప్రశ్న వచ్చింది.

“లేదు” అన్నాను. “మా నాన్న నేతపని చేసేవారు. నన్ను మగ్గం గుంటలోకి దిగనివ్వలేదు.”

“అయితే తండ్రి వేసుకున్న నంబరు వీపు మీద మోయడం ఎంత బరువో నీకు తెలియదు” అన్నారు. కప్పు కడిగి, బోర్లించి, తన ట్రాము దగ్గరికి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. ఇంటికి దూరంగా బతికేవాడి ముందు నాన్న ఊసెత్తితే వచ్చే కోపం వేరు. ఆయన మాట తప్పని రుజువు చేయాలని, డ్యూటీ దిగాక రాత్రుళ్ళు కూర్చుని ఈ తండ్రీకొడుకుల కథలు వెతకడం మొదలుపెట్టాను. పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఆట ఉన్న రోజున వెల్లింగ్టన్ పరేడ్ మీదుగా, ఎంసీజీ అనే పెద్ద మైదానం పక్కనుంచి, కిక్కిరిసిన ట్రాము నడుపుతాను. ఒకే నంబరున్న జంపర్లు, అంటే ఆట చొక్కాలు, వేసుకున్న తండ్రీకొడుకులు ఎక్కడం, దిగడం ఎన్నిసార్లు చూశానో. ఎవరి నంబరని ఎన్నడూ అడగలేదు.

ఇక్కడ ఎవరిని కదిపినా మొదట చెప్పేది గ్యారీ ఆబ్లెట్ల గురించి. తండ్రీకొడుకులిద్దరిదీ ఒకటే పేరు. తండ్రి జీలాంగ్ ఆటగాడు, అభిమానులు దేవుడని పిలుచుకున్నవాడు. మొత్తం 1031 గోల్స్ కొట్టాడు. 1989 సీజన్ చివరి పోరు గ్రాండ్ ఫైనల్‌లో ఒక్కడే 9 గోల్స్ కొట్టినా జీలాంగ్ 6 పాయింట్ల తేడాతో హాథార్న్ చేతిలో ఓడింది. ఆ రోజు ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం ఓడిన జట్టులోని ఈయనకే ఇచ్చారు. ఆ తర్వాత 1992, 1994, 1995 ఫైనల్స్‌లోనూ ఓటమే. ఆ ఫైనల్ గెలిచిన జట్టుకు దక్కే ప్రీమియర్‌షిప్ ఒక్కటి కూడా చూడకుండా ఆట ముగించాడు. కొడుకు అదే క్లబ్బుకు వచ్చాడు కానీ తండ్రి 5వ నంబరు వేసుకోలేదు, 29 వేసుకున్నాడు. 2007లో, 2009లో ప్రీమియర్‌షిప్ గెలిచాడు. సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం తండ్రికి ఎన్నడూ రాలేదు. కొడుక్కి 2009లో వచ్చింది. తండ్రికి దక్కనిదంతా కొడుకు చేతికి అందింది.

నేను అక్కడే ఆగిపోయి ఉంటే ఇది మనందరికీ తెలిసిన కథే. కానీ 2010 సీజన్ అయ్యాక ఆ కొడుకు జీలాంగ్‌ను వదిలేశాడు. కొత్తగా పుట్టిన గోల్డ్ కోస్ట్ జట్టుకు కెప్టెన్‌గా వెళ్ళిపోయాడు. 2013లో అక్కడ రెండో బ్రౌన్‌లో గెలిచాడు. 2018లో మళ్ళీ జీలాంగ్‌కు వచ్చాడు. 2020 ఫైనల్ అతని చివరి మ్యాచ్. మొదటి క్వార్టర్‌లోనే భుజం విరిగినా తిరిగి మైదానంలోకి దిగాడు. జట్టు మాత్రం గెలవలేదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తండ్రి చోటు చేతికిచ్చినా కొడుకు వెళ్ళిపోవచ్చు. మళ్ళీ రావచ్చు కూడా.

ఇంకా ఎందరో ఉన్నారు. ఎసెండన్‌కు టిమ్ వాట్సన్ 15 ఏళ్ళకే ఆడాడు, అతని కొడుకు జోబ్ అదే జట్టుకు కెప్టెన్ అయ్యాడు. బ్రిస్బేన్‌కు మార్కస్ ఆష్‌క్రాఫ్ట్ 2001 నుంచి 2003 వరకు వరుసగా మూడు ప్రీమియర్‌షిప్‌లు ఆడాడు. అతని కొడుకు విల్ 2024, 2025 ఫైనల్స్ రెండింటిలోనూ నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు. అదీ గొప్పే. అయినా నన్ను పట్టి ఆపినవి వలస వచ్చిన కుటుంబాల పేర్లు. కార్ల్‌టన్ ఆటగాడు సెర్జియో సిల్వానీ ఇటలీ నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ. ఆయన 1వ నంబరునే కొడుకు స్టీఫెన్, మనవడు జాక్ వేసుకున్నారు. మూడో తరం జాక్ కూడా 2025 తర్వాత సెయింట్ కిల్డాకు మారిపోయాడు. పీటర్ డేకోస్ తల్లిదండ్రులు మాసిడోనియా మూలాలవాళ్ళు. ఆయన 250 మ్యాచ్‌లలో 549 గోల్స్ కొట్టాడు. 1990లో కాలింగ్‌వుడ్ 32 ఏళ్ళ ఎదురుచూపు తీరినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నాడు. తండ్రి 35వ నంబరు ఇప్పుడు నిక్ వీపు మీద ఉంది. 2023 ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ 4 పాయింట్లతో బ్రిస్బేన్‌ను గెలిచినప్పుడు అన్నదమ్ములిద్దరూ మైదానంలోనే ఉన్నారు. పరాయి భాష మాట్లాడే ఇంట్లోంచి వచ్చిన పేరును లక్షమంది ఒక్క గొంతుతో అరవడం ఆ కుటుంబాలకు ఎలా ఉండి ఉంటుందో మనబోటి వాళ్ళం ఊహించుకోగలం.

వారసత్వం గురించి నేనన్న మాట మొదట సడలింది ఇక్కడే. మన దగ్గర తండ్రి డబ్బు పెట్టి కొడుకుకు రెండో సినిమా, మూడో సినిమా కొనివ్వగలడు. మైదానంలో బంతి చేజారితే లక్షమంది చూస్తారు. తండ్రి పేరు అక్కడ కాపాడదు, పైగా పోలిక పెట్టి తిట్టడానికి పనికొస్తుంది.

నా కోపాన్ని పూర్తిగా దించినవాడు మాత్రం రాన్ బరాసీ.

తండ్రి పేరూ రాన్ బరాసీయే. మెల్‌బోర్న్ క్లబ్బుకు ఆడేవాడు, 1940లో ప్రీమియర్‌షిప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడు లిబియాలో టోబ్రుక్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. కొడుకుకు అప్పటికి ఐదేళ్ళు. పిల్లవాడు పెద్దవాడవుతుంటే ఆటలో ఎదుగుతాడని అందరికీ తెలిసింది. ఆ రోజుల్లో ఆటగాడు ఏ పేటలో ఉంటే ఆ పేట క్లబ్బుకే ఆడాలి. ఆ లెక్కన ఇతను వేరే క్లబ్బుకు పోవాలి. తండ్రి ఆడిన చోటనే ఆడనివ్వాలని మెల్‌బోర్న్ పట్టుబట్టింది. తండ్రీకొడుకుల నియమం అతని కోసమే పుట్టిందని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. తల్లి టాస్మానియాకు వెళ్ళిపోతే, తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్ అతన్ని తన ఇంటికి తెచ్చుకుని పెరట్లోని గదిలో ఉంచుకున్నాడు. ఆబ్లెట్‌కు వచ్చిన పతకం పేరు ఆ నార్మ్ స్మిత్‌దే. అప్పుడు ఆయన మెల్‌బోర్న్ కోచ్ కూడా. 1953లో కుర్రవాడు తండ్రి వేసుకున్న 31వ నంబరు జంపరుతో మైదానంలోకి దిగాడు. 1955 నుంచి 1964 లోపు ఆరు ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు.

తండ్రి ఆడినవి 58 మ్యాచ్‌లు. ఇప్పటి నియమం ప్రకారం 100 కావాలి. ఎవరి కోసం ఆ తలుపు తెరిచారో, ఆ కుర్రవాడు ఈరోజు వస్తే అదే తలుపు అతనికి తెరుచుకోదు. ఆ 58 దగ్గర నేను చాలాసేపు కూర్చుండిపోయాను. మిగిలిన మ్యాచ్‌లు ఆడవలసినవాడు టోబ్రుక్ ఇసుకలో ఉన్నాడు. వారసత్వమని నేను ఎగతాళి చేసింది, తండ్రి లేని పిల్లవాడికి తండ్రి గుర్తుగా మిగిలిన ఒక్క అంకెను.

అంత చేసిన క్లబ్బును కూడా 1964 తర్వాత బరాసీ వదిలేశాడు. కార్ల్‌టన్‌కు వెళ్ళి ఆడుతూనే కోచ్ అయ్యాడు. మెల్‌బోర్న్ అభిమానుల మీద పిడుగు పడ్డట్టయింది. మళ్ళీ ఒక్క ప్రీమియర్‌షిప్ గెలవడానికి ఆ క్లబ్బుకు 2021 దాకా పట్టింది. కార్ల్‌టన్‌లోనూ అతను వేసుకున్నది 31వ నంబరే. ఇల్లు వదిలాడు కానీ నంబరు వెంట తీసుకెళ్ళాడు. ఎవరు ఎన్ని పతకాల లెక్క చెప్పినా, నా దృష్టిలో ఈ ఆటలో ఇంతకంటే గొప్ప తండ్రీకొడుకులు లేరు. వాళ్ళిద్దరూ ఒకరి ఆట ఒకరు సరిగ్గా చూసుకోనైనా లేదు.

తర్వాతి వారం పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. డ్యూటీ అయ్యాక నన్ను ఎంసీజీ బయట ఉన్న బరాసీ విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళారు. చలిగాలిలో ఇద్దరం కాసేపు నిలబడ్డాం. మరునాడు తన లాకరు తెరిచి ఒక పాత తోలు సంచి చూపించారు. ట్రాముల్లో కండక్టర్లు ఉన్న రోజుల్లో ఆయన తండ్రి భుజానికి తగిలించుకున్న సంచి అది. పట్టీ మీద తోలు భుజం తగిలిన మేరకు నునుపు తేలి, నల్లబడి ఉంది. చిల్లర వేసే అర లోపల రాగి వాసన ఇంకా పోలేదు. “మా నాన్న వెనక నిలబడేవాడు, నేను ముందు కూర్చున్నాను” అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది.

ఇక్కడ నేను మా వాళ్ళ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. మంగళగిరిలో మా వీధిలో ఏ తండ్రీ అలా వెన్ను నిటారుగా చేసి చెప్పలేదు. “నా కొడుకు ఈ గుంటలో కాళ్ళు పెట్టకూడదు” అనేదే అందరి మాట. ఆసు పోయడం, కండెలు చుట్టడం దాకా మా చేత చేయించేవారు, నాడె మాత్రం ముట్టనిచ్చేవారు కాదు. మా నాన్న నేసిన నిజాం అంచు చీర చూసి కళ్ళు తిప్పుకోలేకపోయిన వాళ్ళున్నారు. అయినా నెల తిరిగేసరికి నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర బాకీ అలాగే ఉండేది. పని మీద ప్రేమ లేక కాదు, ఆ పని కడుపు నింపక. ఈ దేశంలో ట్రాము డ్రైవరు ఇల్లు కొనుక్కోగలడు, పిల్లలను చదివించుకోగలడు, కనుక కొడుకు అదే పనికి వచ్చినా తండ్రి తల దించుకోనక్కరలేదు. నేసేవాడికి మేం ఆ మాత్రం కూలి ఇచ్చుకుని ఉంటే, మా వీధిలోనూ నంబరు అందిపుచ్చుకునే కొడుకులు ఉండేవారు. నన్ను ఆపింది నాన్న ప్రేమే. ఆ సంగతి పెద్దాయనకు కూడా చెప్పాను. చాలాసేపు ఆలోచించి, తల ఊపారు.

మావాడికి ఎనిమిదేళ్ళు. ఆదివారాలు పొద్దున పిల్లలకు ఆట నేర్పే ఆస్కిక్‌కు తీసుకెళ్తున్నాను. మొన్న వాడు బంతి తంతుంటే వీడియో తీసి నాన్నకు పంపాను. కాసేపటికి ఫోను వచ్చింది.

“ఏరా, వీడు ఎడమ కాలితో తంతున్నాడేమిటి?”

“వాడిది ఎడమ కాలే నాన్నా. నాది కుడి. ఎవరి పోలికో తెలియదు.”

“నాది ఎడమ కాలు” అన్నారు. “గుంటలో ముందు తొక్కేది ఆ కాలితోనే.”

నాకు మాట రాలేదు. చిన్నప్పటి నుంచి మగ్గం దగ్గర నేను చూసింది నడుము పైన ఉన్న నాన్ననే. చేతులు చూశాను, వంగిన మెడ చూశాను, నాడె అటూ ఇటూ పరుగెత్తడం చూశాను. పలకల మీద ఆ కాళ్ళు ఎలా ఆడేవో ఎన్నడూ వంగి చూడలేదు.

“వింటున్నావా?” అన్నారు నాన్న. “వచ్చే వారం ఇంకొకటి తీసి పంపు. కాళ్ళు బాగా కనిపించేలా తియ్యి.”