తెల్లగడ్డ తగ్గించమని నాకు చెప్పకండి

పిల్లల్ని ఏ తెలుగు బడిలో చేర్చాలి, పద్యాలు ఎవరు బాగా నేర్పిస్తారు అని గంటలు గంటలు మాట్లాడుకునే మా స్నేహితులే, తెల్లగడ్డ, అదే వెల్లుల్లి, దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. "మేం వారం మధ్యలో మానేశామండీ, పిల్లలు స్కూలుకెళ్తారు కదా, జాకెట్లకి వాసన పట్టేస్తోంది" అంటారు. తాలింపు వేసేటప్పుడు జాకెట్లు బీరువాలో పెట్టి తలుపేసుకుంటే పోయేదానికి చారులో రుచి చంపుకోవడం ఎందుకో నాకర్థం కాదు.

మాది కావలి, ఉండేది శాన్‌హోసే. అక్కడి నుంచి 101 హైవే మీద దక్షిణానికి పోతే గిల్‌రాయ్ అనే ఊరొస్తుంది, ప్రపంచానికే తెల్లగడ్డల రాజధాని మాది అని గొప్పగా చెప్పుకునే ఊరు. 1979లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి అక్కడ తెల్లగడ్డల పండగ చేశారు, తెల్లగడ్డ ఐస్‌క్రీం కూడా అమ్మారు. సీజన్లో కారు అద్దం దించితే చాలు, వాసన గుప్పుమంటుంది, జనం సంతోషంగా పీలుస్తారు. మా పిల్లల క్లాసు పార్టీల్లో పిజ్జాతోపాటు గార్లిక్ బ్రెడ్ రాని రోజు లేదు. మరి దానికి లేని నామోషీ మా చారుకొచ్చిందా?

అసలు ఈ రుచి పిల్లలకి ఎప్పుడు అంటుతుందో తెలుసా? నా పురిటికి అమ్మ కావలి నుంచి వచ్చినప్పుడు, రోజూ మొదటి ముద్దలో నెయ్యిలో ఎర్రగా వేయించిన తెల్లగడ్డ రెబ్బలు, బాలింత కారం పెట్టి తినేదాకా పక్కనే కూర్చునేది. పాలు పడతాయి అని ఆమె లెక్క. పాలు పడటం సంగతి నేను చెప్పలేను గానీ, ఫిలడెల్ఫియాలోని మొనెల్ పరిశోధన సంస్థ వాళ్లు 1991లో ఒక పరిశోధన అచ్చేశారు. పాలిచ్చే తల్లులు తెల్లగడ్డ తింటే కాసేపటికి పాలకి ఆ వాసన వస్తోందట, పిల్లలు మొహం తిప్పుకోకపోగా ఇంకా ఎక్కువసేపు పట్టుకుని తాగారట. 1995లో అయితే కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటికి కూడా ఆ వాసన చేరుతుందని తేల్చారు. మా వాళ్లకి అ ఆలు నేర్పడానికి నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే ఒడవవు. తెల్లగడ్డ నేర్పాల్సిన పనే పడలేదు.

సెలవులకి మేం కావలి చేరేసరికి జూన్ వస్తుంది, అప్పటికి ఆవకాయలు అయిపోయుంటాయి. కానీ అమ్మ వీళ్ల కోసమని కొంచెం తెల్లగడ్డ ఊరగాయ పని మిగిల్చి పెడుతుంది. రెబ్బలు విడదీసి, నూనె రాసి, చాటలో పోసి డాబా మీద ఎండబెట్టి, ఎండిన తర్వాత గుడ్డలో వేసి రుద్దితే పొట్టు ఊడొస్తుంది. చెరిగే పని మాత్రం అమ్మదే, పిల్లల చేతికిస్తే పొట్టుతోపాటు రెబ్బలూ పోతాయి. ఒకసారి నిమ్మరసం పోసిన ఊరగాయలో రెబ్బలు నీలంగా, ఆకుపచ్చగా మారాయని మా పాప కంగారుపడి సీసా తీసుకొచ్చింది, విషం అయిపోయిందేమోనని. "పులుపు తగిలితే అట్టనే అవుద్ది, పారేయబాక" అని అమ్మ ఒక రెబ్బ తీసి నోట్లో వేసుకుంది. ఆమె చెప్పింది నిజమే, పులుపు తగిలినప్పుడు తెల్లగడ్డలోని గంధకం పదార్థాలు మారి ఆ రంగొస్తుంది, బూజు కాదు. అమెరికాలో అల్లం తెల్లగడ్డ పేస్టు రంగు మారిందని పారబోసే వాళ్లకి కూడా ఈ మాట చెప్పాలి.

మావాడికి దంచడం ఇష్టం. చిన్న రోట్లో రెబ్బ వేసి కొడితే అది ఎగిరి గచ్చు మీద పడేది. "అట్ట గాదు అబ్బయా, ఎడమ చెయ్యి అడ్డం పెట్టు" అని అమ్మ పట్టుకుని చూపించింది. మిరియాలు, జీలకర్ర ముందు, తెల్లగడ్డ పొట్టుతో సహా ఆఖర్న, కచ్చాపచ్చాగా. మరి చేపల పులుసులో రెబ్బలు దంచకుండా ఎందుకేస్తావని అడిగాడు. అమ్మ "అదట్టే" అంది. కారణం నేను చెప్పాను. రెబ్బలో రెండు పదార్థాలు వేరువేరు గదుల్లో ఉంటాయి, చితికితేనే కలిసి అల్లిసిన్ అవుతాయి, ఘాటంతా దానిదే. పులుసులో రెబ్బని అలాగే ఉడికిస్తే అవి కలవకముందే వేడి తగిలి ఘాటు పుట్టకుండా పోతుంది, రెబ్బ మెత్తగా తియ్యగా ఉంటుంది. వాడు విని, పొద్దున ఎర్రకారం దోశ మీద కారంలో తెల్లగడ్డ నూరి వేశారు కాబట్టే కళ్లలో నీళ్లొచ్చాయా అన్నాడు. కొంత అదీ, కొంత మిరపకాయలూ.

పెద్దదానికి ఇప్పుడు వయసొచ్చింది, నోటి వాసన టెన్షన్ పట్టుకుంది. ఎన్నిసార్లు పళ్లు తోముకున్నా పోదు, ఎందుకంటే అది నోట్లోది మాత్రమే కాదు, రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి వస్తుంది. నేను తినొద్దని చెప్పలేదు, ఆఖర్న పెరుగన్నం తినమన్నాను. వెన్న తీయని పెరుగు తెల్లగడ్డ వాసనని బాగా తగ్గిస్తుందని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2023లో చెప్పారు. చేసింది ల్యాబ్ సీసాల్లోనే, మనుషుల నోళ్లలో కాదు, అయినా నా పక్షాన పలికారు కాబట్టి వాడుకుంటాను.

నాకు జవాబు దొరకని ప్రశ్న మావాడిదే. కార్తీక సోమవారాల్లో తెల్లగడ్డ ఎందుకు తినకూడదు, శివుడికి పడదా అని. సాత్వికం, తామసం అంటూ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోతాడని తెలుసు. ఈ ఇంట్లో ఆ రోజు వేయం, అంతే అన్నాను. మంగళవారం మాత్రం వాడు బడి నుంచి రాగానే చారు పెట్టావా అని అడుగుతాడు.

ఈ ఆగస్టులో పెద్దది కాలేజీకి వేరే రాష్ట్రం వెళ్తోంది. రైస్ కుక్కర్ కావాలంటుందనుకున్నాను, అమ్మమ్మ ఇంట్లో ఉన్న చిన్న రాతి రోలు ఇప్పించమంది. 23 కేజీల పెట్టెలో రాయి పెట్టుకుని పోతారా ఎవరన్నా, అక్కడే ఆన్‌లైన్లో కొనిస్తానని మా ఆయన. దాన్ని ఎవరికీ ఇచ్చేది లేదని మా అమ్మ.